ఎండని పలక

మార్కాపురం డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాలు ఫోన్ చేసి, పరీక్షల్లో నిజాయితీ గురించి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పడానికి రమ్మన్నప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపమొచ్చింది. కోపం నాకు ఊరికే వస్తుంది, దానికి పెద్ద కారణం అక్కర్లేదు. యూనివర్సిటీలో రిటైరయ్యేదాకా మాల్‌ప్రాక్టీసు విచారణ కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్నదాన్ని. నేను వరండాలో నడిచొస్తుంటే స్లిప్పులు వాటంతటవే కిటికీలోంచి దూకేస్తాయని పిల్లలు చెప్పుకునేవాళ్ళట. ఆ ప్రిన్సిపాలు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. "మీరు మా ఊరి మనిషి మేడం, మీరు చెబితే మా పిల్లలు వింటారు" అన్నాడు. ఊరి మనిషిని కాబట్టే వినరయ్యా అన్నాను. కాలు నొప్పి, ఎండలు, బస్సులో కుదుపులు అన్నీ చెప్పి తప్పించుకోబోయాను. అప్పుడతను ఇంకో మాట అన్నాడు. మా కెమిస్ట్రీ నారాయణ సారు ఇంకా ఉన్నారట, తొంభై దాటాయట, చెవులు సరిగ్గా వినపడవు గానీ బుర్ర బ్రహ్మాండంగా పనిచేస్తోందట. "మీ వస్తువేదో ఆయన దగ్గరుందంట మేడం. మీరు ఈ పక్కకొస్తే ఇంటికి రమ్మన్నారు" అన్నాడు. ఆ వస్తువేదో నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా అది నాది అని ఎవరి ముందూ ఒప్పుకోలేదు. ఇప్పుడు దాన్ని అక్కడే పెట్టుకుని, నిజాయితీ గురించి మైకు ముందు నిలబడి మాట్లాడాలి. వస్తానని చెప్పాను.

మా ఇల్లు పలకల కార్ఖానాలకు ఆనుకుని ఉండేది. మా నాయన పుల్లయ్య పలక రాళ్ళు చీల్చేవాడు. గని నుంచి వచ్చిన నల్లరాతి దిమ్మెను ముందు పెట్టుకుని, అంచున ఉలి ఆనించి, సుత్తితో చిన్నగా తట్టుకుంటూ పోతే అది పొరలు పొరలుగా విడిపోయేది. చీల్చేముందు ప్రతి రాయినీ ఒకసారి సుత్తితో మీటి, తల పక్కకు వంచి వినేవాడు. మంచి రాయి కంగుమంటుంది, లోపల పగులుంటే డొల్లగా పలుకుతుంది. కార్ఖానాలో పాతికమంది ఒకేసారి ఉలులు కొడుతున్నా ఆయన రాయి ఆయనకు వినపడేది. చీల్చిన ప్రతి పలక మూలనా మేకుతో మూడు చిన్న గీతలు గీసేవాడు. ఎవరి పలకలు వాళ్ళవని తెలియడానికి అక్కడ అందరికీ తలా ఒక గుర్తుండేది. మా అమ్మ ఇంకో షెడ్డులో పలకలకు చెక్క ఫ్రేములు బిగించేది. సాయంత్రం ఇద్దరూ ఇంటికొస్తే ఇంటినిండా తడిసిన రాతిపొడి వాసన, కొత్తగా కోసిన చెక్క వాసన. ఇప్పటికీ ఎక్కడైనా వడ్రంగి దుకాణం ముందు నుంచి పోతుంటే నాకు ఆకలేస్తుంది, ఎందుకంటే ఆ వాసన తర్వాత వచ్చేది అన్నమే.

మా ఇంట్లో రాతిపలక కానిది తినే తిండి ఒక్కటే. నేల మీద పరిచింది అదే, బిందెల మీద మూత అదే, బట్టలుతికే బండా అదే, కోళ్ళ గూటికి తలుపూ అదే. మా అవ్వ ఆ ఒక్క తిండినీ వదల్లేదు, బలపాలు తినేది. బొడ్డు సంచిలో వక్కాకుతో పాటు నాలుగు బలపం ముక్కలుండేవి. మధ్యాహ్నం అన్నం తిన్నాక గడప మీద కూర్చుని, కిర్రుమని ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని నమిలేది. గుండెమంటకు అంతకు మించిన మందు లేదని ఆమె నమ్మకం. డాక్టరు మానమంటే, ఆ డాక్టరు ఏ ఊరోడని అడిగింది. గుంటూరు అని చెబితే, "పాపం, వాడికి బలపం రుచేం తెలుసు" అని ఇంకోటి తీసుకుంది. రాత్రి పూట జొన్న సంగటి, చెనిక్కాయల పచ్చడి, ఎప్పుడన్నా పప్పు. నాయన తినడం మెల్లగా తినేవాడు, మాట్లాడడం ఇంకా మెల్లగా. ఆయనకు చదువు లేదు. ఇన్ని పలకలు చీల్చిన మనిషి ఒక్క పలక మీద కూడా ఒక్క అక్షరం రాసి ఎరగడు. వేలిముద్ర వేయాల్సి వస్తే, ఆ రాతిపొడి పట్టిన బొటనవేలి మీద గీతలే మిగల్లేదని బ్యాంకువాళ్ళు తల పట్టుకునేవాళ్ళు.

నన్ను బీఎస్సీలో చేర్పించింది ఆయనే. మా కాలేజీ బల్లల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాకు ముందు చదివిన వాళ్ళంతా వాటి మీద తమ పేర్లు, తాము ప్రేమించిన వాళ్ళ పేర్లు చెక్కిపోయారు. కాగితం పెట్టి రాస్తే కలం ఎవరో ఒకరి పేరులో దిగబడేది. అందుకని పరీక్షకు కింద పెట్టుకోవడానికి గట్టిది ఏదన్నా కావాలి. వేరే ఊళ్ళల్లో పిల్లలు అట్టలు తెచ్చుకుంటారు. మా ఊళ్ళో అట్ట కొనడమంటే చెరుకుతోట పెట్టుకుని బెల్లం కొన్నంత సిగ్గు. మూల విరిగిందనో మందం ఎక్కువైందనో కార్ఖానాలో పక్కన పడేసిన పలక, ఫ్రేము లేనిది, తలా ఒకటి చంకలో పెట్టుకుని పరీక్షకు పోయేవాళ్ళం. యూనివర్సిటీ నుంచి వచ్చే స్క్వాడు వాళ్ళు చూసి, డిగ్రీ పిల్లలు ఇంకా పలకలు పట్టుకొస్తున్నారేంటని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ అనుకునేవాళ్ళం.

ఆ పలకలో ఒక సుగుణం ఉంది. బలపంతో రాసి, తుడవకుండా నీళ్ళలో ముంచి తీస్తే అక్షరాలు మాయమైపోతాయి, నల్లగా నిగనిగలాడుతుంది. ఆరడం మొదలయ్యాక ఒక్కో అక్షరమే తెల్లగా పైకి తేలుతుంది. ఒకటో తరగతిలో ఈ సంగతి అందరికీ విసుగు, మళ్ళీ మళ్ళీ తుడవాలి కాబట్టి. డిగ్రీకి వచ్చేసరికి ఎవరో మహానుభావుడికి అందులో ఉపయోగం కనిపించింది. నాకు చెప్పింది మాత్రం ఎస్తేరు. బేస్తవారిపేట అవతల పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ళమ్మ కూలికి పోయి చదివిస్తోంది, ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది ఎస్తేరే. "పావుగంట ఓర్చుకుంటే చాలుమే, పుస్తకం తెరిచినట్టే" అంది. పరీక్ష రోజుల్లో కాలేజీ గేటు పక్కన కొళాయి దగ్గర పెద్ద క్యూ ఉండేది. అందరూ పలకల్ని భక్తిగా కడుక్కునేవాళ్ళు. ఒకసారి స్క్వాడులో ఒక పెద్దమనిషి అది చూసి, ఇంత శుభ్రత నేనే కాలేజీలోనూ చూడలేదని మెచ్చుకుని పోయాడు.

ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే నాకు హడలు. ఆ చర్యలు, ఆ బాణాలు, ఏది దేంతో కలిస్తే ఏమవుతుందో చచ్చినా గుర్తుండేది కాదు. అయినా పలకల ఇంట్లో పుట్టినదాన్ని, బలపంతో రాసుకోవడం నాకు నామోషీ అనిపించింది. చెయ్యి తగిలితే చెరిగిపోతుంది, ఎక్కువ తడిస్తే కారిపోతుంది. నాయన పనిముట్లలో సూదిమొన లాంటి ఉక్కు మేకు ఒకటుండేది. దాంతో సన్నగా గీస్తే గీత శాశ్వతం. తడిగా ఉన్నంతసేపు కనపడదు, ఆరితే కనపడుతుంది, ఎవడూ చెరపలేడు. నాకు మంచి నున్నటి పలక కావాలని నాయన్ని అడిగాను. "పరీచ్చకే గదా" అన్నాడు. అవునన్నాను. పారేసిన వాటిలోంచి తీసుకొస్తాడనుకుంటే, నాలుగు రాళ్ళు మీటి, విని, వాటిలో ఒకటి ఎంచి చీల్చాడు. ఇసుకా నీళ్ళూ వేసి రెండు పక్కలా అరగదీశాడు. మూలన మూడు గీతలు గీసి, భుజం మీద తువ్వాలులో చుట్టి, గాజు సామాను తెచ్చినట్టు ఇంటికి తెచ్చాడు. నేను రెండు వారాల పాటు రోజూ సాయంత్రం, అవ్వ కబుర్లన్నీ వింటూ, వెనక అరుగు మీద కూర్చుని దాని మీద ఆర్గానిక్ కెమిస్ట్రీ చెక్కాను. అంతసేపు పుస్తకం పట్టుకుని ఉంటే మొత్తం వచ్చేసేది. ఆ మాట అప్పుడు నాతో ఎవరన్నా అనుంటే వాళ్ళ మీద పడి కరిచేదాన్ని.

పరీక్ష రోజు పొద్దున ఎండ మామూలుగానే మండింది. మా ప్రాంతంలో రెండేళ్ళుగా సరైన వాన లేదు. బోర్లు ఎండిపోయి, పశువుల్ని తోలుకుని పోయినవాళ్ళు పోయారు. మేమంతా కొళాయి దగ్గర పలకలు తడుపుకుని, చెక్ చేయించుకుని హాల్లోకి పోయి కూర్చున్నాం. ప్రశ్నపత్రం ఇచ్చారు. రెండో ప్రశ్న చదివేసరికి అక్షరాలు మసకగా అనిపించాయి, తల ఎత్తి చూస్తే బయట ఆకాశం నల్లబడింది. ఎక్కడి నుంచో మట్టివాసన వచ్చింది. ఆ తర్వాత పెద్ద పెద్ద చినుకులు. అటెండరు గంట వదిలేసి వానలోకి పరిగెత్తి, చేతులు చాపి నిలబడ్డాడు. రోడ్డు మీద ఎవరో కేకలేస్తున్నారు, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఇళ్ళ చూరుల కిందికి చేరారు. ఊరంతా పండగ. మా హాల్లో మటుకు చావు కళ. కిటికీల్లోంచి చల్లటి తడిగాలి వస్తోంది, నలభై పలకల్లో ఒక్కటీ ఎండడం లేదు.

పావుగంటైంది. అరగంటైంది. హాల్‌టికెట్లతో విసరడం మొదలుపెట్టారు. ఒకడు దాని మీదే కూర్చున్నాడు, ఒంటి వేడికైనా ఎండుతుందని. ఎస్తేరు ఓణీ కింద పొట్టకు ఆనించుకుని, పెదాలు కదుపుతోంది. ఆ వాన ఆగిపోవాలని ప్రార్థన చేసిందని తర్వాత నాతో ఒప్పుకుంది, మూడు ఆదివారాలుగా వాన కోసం ప్రార్థన చేసింది కూడా తనే. నేను పలక వైపు వంగి నోటితో ఊదుతున్నాను. తలెత్తితే ఎదురుగా నారాయణ సారు.

ఆయనది కురిచేడు పక్క పల్లె. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ గొడుగు. వానలు లేని ఊళ్ళో గొడుగేంటని పిల్లలు ఏడిపిస్తే ఎండకి అనేవారు. ఆయన మెల్లగా కిటికీ దగ్గరికి పోయి, వానను చాలాసేపు చూశారు. మళ్ళీ వెనక్కి తిరిగి, విసురుకుంటున్న నలభైమందిని చూశారు. ఆయన మీసం కింద ఏదో కదిలింది.

"పిల్లలూ, ఈ పొద్దు మీ పలకలు ఎండేట్టు లేవు" అన్నారు. "ఐదు నిమిషాలు టైమిస్తాండా. ఎవురి పలక వాళ్ళు తీసుకపోయి బయట వానకింద పెట్టి రాండి. వానకు కడుక్కపోయిందాన్ని నేను అడగను. లోపల మిగిలిందాన్ని మాత్రం అడగతా."

ముందు ఎస్తేరు లేచింది, దాని వెనక ఒక్కొక్కరే అందరం లేచాం. వరండా మెట్ల అవతల పలకలన్నీ వరసగా పెట్టాం. వాటి మీద నుంచి బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా కారి, కాలువలో కలిసిపోయింది. నా పలక నుంచి మటుకు ఏమీ కారలేదు. అది ఏ వానకూ కడుక్కుపోదని నాకొక్కదానికే తెలుసు. లోపలికొచ్చి, కాగితాలు మడిచి కింద పెట్టుకుని రాశాను. రెండు వారాలు చెక్కిన పుణ్యమా అని చెయ్యికి గుర్తుండిపోయినట్టుంది, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను కాపీ కొట్టలేదు, తెచ్చుకున్నాను అంతే అని ఆ మూడు గంటల్లోనే నాకు నేను చెప్పేసుకున్నాను. ఆ మాట చాలా ఏళ్ళు చెప్పుకున్నాను.

పరీక్ష అయ్యేసరికి వాన ఆగి ఎండొచ్చింది. ఎవరి పలక వాళ్ళు తీసుకుని పోతుంటే చివరికి ఒక్కటి మిగిలింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా రాతతో. నారాయణ సారు దాన్ని తీసి పట్టుకుని, ఇదెవరిదని అడిగారు. ఎస్తేరు నా వైపు ఒకసారి చూసి, వెంటనే ఆకాశం వైపు చూసింది. నేను చెప్పుల వైపు చూశాను. ఆయన ఇంకోసారి అడగలేదు. ఇంటికి పోయాక నాయన పలకేదని అడిగాడు. మెట్ల మీద జారిపడి పగిలిపోయిందన్నాను. "మంచి రాయే, ఎట్ల పగిలెనబ్బా" అన్నాడు. కాసేపు ఆలోచించి, కంచం ముందు కూర్చున్నాడు.

మరుసటి రోజు సాయంత్రం నుంచి నాయనకు ఒక కొత్త అలవాటు వచ్చింది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ నా వైపు చూసి, "ఇంగేమన్నా చెప్పేదుందా పాపా?" అనేవాడు. ఏం లేదు నాయనా అనేదాన్ని. సరే అని లేచిపోయేవాడు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. అమ్మకు విసుగొచ్చి, రోజూ అదే మాటేంది, నువ్వేమన్నా పోస్టుమానువా అని తిట్టేది. నేను ఏం లేదంటే అవ్వ తనకుందని మొదలుపెట్టి, మోకాళ్ళ నుంచి మెడ దాకా నొప్పులన్నీ వరసగా చెప్పేది, ఆయన అవన్నీ కూర్చుని వినేవాడు. నేను పై చదువుకు పోయాక పక్కింటి ఫోనుకు చేసినప్పుడు కూడా చివరి మాట అదే. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడూ అదే, పెళ్ళి చేసుకుంటున్నానని చెప్పినప్పుడూ అదే. చివర్లో ఆసుపత్రిలో, ఊపిరి ఆడక మాట సరిగ్గా రాని రోజున కూడా అడిగాడు. "ఏం లేదు నాయనా, నువ్వు పడుకో" అన్నాను. ముసలాయన ఊతపదం అనుకున్నాను.

ఆ ఊతపదమే నాకు ఉద్యోగంలో అన్నం పెట్టింది. నేను కమిటీలోకి వచ్చిన కొత్తలో స్లిప్పులు చొక్కా కాలర్లలో, మోచేతి పట్టీల్లో దొరికేవి. తర్వాత తర్వాత చెవిలో శనగగింజంత మిషన్లు, చేతి గడియారంలో పాఠాలు. రిటైరయ్యే ముందు ఏడు నలుగురు పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చదివితే నలుగురూ ఒకే చోట కామా పెట్టారు, ఏదో యంత్రాన్ని అడిగి రాయించుకుని పేరు కూడా చదవకుండా సంతకం చేసేశారు. మా రోజుల్లో కాపీ కొట్టడానికైనా ఒకసారి చేత్తో రాయాల్సి వచ్చేదని ఆ నలుగురి మీద మామూలుగా అరవలేదు. అందరికంటే నాకు ఒళ్ళు మండేది మటుకు ఒక మాటకి. "పెట్టుకున్నాను గానీ చూడలేదు మేడం." గిద్దలూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల అదే మాట అంది, పైటచెంగులో ఫోనుతో దొరికి. నేను బల్ల గుద్ది, తెచ్చుకోవడమే తప్పమ్మా, చూశావా లేదా అన్నది రెండోది అని కేకలేశాను. కేకలేసి నీరసమొచ్చి, చివరికి ఎప్పటిలాగే, "ఇంకేమన్నా చెప్పేదుందా?" అని అడిగి ఊరుకున్నాను. ఆ ప్రశ్నలో కిటుకంతా తర్వాత ఊరుకోవడంలో ఉంది. ఆ పిల్ల చాలాసేపు గోడ చూసి, "చూశాను మేడం, రెండు ప్రశ్నలకు" అని ఏడ్చేసింది. తన నోటితో చెప్పినవాళ్ళకు ఆ ఒక్క పేపరే రద్దు చేసి, ఒక టీచరు దగ్గర కూర్చోబెట్టి మళ్ళీ రాయించాలని, చెప్పనివాళ్ళకు రూలు మొత్తం వర్తించాలని యూనివర్సిటీతో పోట్లాడి ఒప్పించింది నేనే. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు మేడం అని తోటి సభ్యులు అడిగితే, మా నాయన ఊతపదమండీ అని నవ్వేదాన్ని.

ఉపన్యాసం రోజు పొద్దున నేను ముందు నారాయణ సారు ఇంటికి పోయేసరికి ఆయన వరండాలో నులకమంచం మీద కూర్చుని, కోడలు ఒలిచిపెట్టిన బత్తాయి తింటున్నారు. గొడుగు పక్కనే ఉంది. నేను వంగి కాళ్ళకు దండం పెట్టి, పేరు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, కోడల్ని పిలిచి అది తీసుకురమ్మన్నారు. ఆమె వంటింట్లో బిందె మీద నుంచి మూత తీసి, చెంగుతో తుడిచి తెచ్చింది. నా పలక. మూలన మూడు గీతలు. ఆరుతూ ఆరుతూ నా రాత ఒక్కో వరసే పైకి తేలుతోంది.

"మూడో లైను తప్పు" అన్నారు సారు. "క్లాసులో ప్రతి టెస్టులోనూ అదే తప్పు రాసినావు. అందుకే చూస్తానే తెలిసిపాయె ఎవురిదో."

నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆ మూడో లైను నేను పరీక్షలో కూడా అలాగే రాశాను. ఆయన చెవి దగ్గరికి వంగి, "నాదే సార్" అని గట్టిగా అన్నాను. వీధిలో పోయేవాళ్ళకు కూడా వినపడి ఉంటుంది.

ఆయన తల ఊపి, బత్తాయి తొన ఒకటి నా చేతిలో పెట్టి, అప్పుడు చెప్పారు. పరీక్ష మర్నాడు ఆయన ఆ పలక పట్టుకుని కార్ఖానాకు పోయారట. మూడు గీతల గుర్తు ఎవరిదని అడిగితే మా నాయన్ని చూపించారట. నాయన దాన్ని చేతుల్లోకి తీసుకుని, ముందు సుత్తితో మీటి, మొహమంతా నవ్వు చేసుకుని, "నేననుకుంటానే ఉండా అయ్యోరా, ఇది పగిలే రాయి కాదని" అన్నాడట.

"పలక నీదే, మరి రాత ఎవురిది పుల్లయ్యా అని అడిగినా" అన్నారు సారు. "ఒక్క నిమిసం నా మొగం చూసినాడు. రాత గూడా నాదే అయ్యోరా అన్నాడు."

"మా నాయనకు చదువు రాదు సార్."

"అదే గదా. అట్లయితే చదువు చూద్దాం అన్నా. చదవడం రాదు అయ్యోరా, రాయడం వరకే వచ్చు అన్నాడు."

ఆయన నవ్వలేక దగ్గు తెచ్చుకున్నారు. కోడలు నీళ్ళు తెచ్చింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. జన్మలో ఒక్క అబద్ధం ఆడని మనిషి, ఆడక ఆడక ఆడితే ఆర్గానిక్ కెమిస్ట్రీ నేనే రాశానన్నాడు. కేసు ఎందుకు రాయలేదు సార్ అని అడిగాను, కమిటీ అలవాటు పోక. రాయాల్సిందే, రాయలేదు, అది తన తప్పు అన్నారు, కావాలంటే నీ కమిటీ ముందుకు పిలిపించుకో అన్నారు. రాయడానికి బదులు ఆయన నాయనతో ఒక మాట అన్నారట. ఈ పలక ఎవరిదో ఆ పిల్ల తన నోటితో చెప్పిన రోజున వచ్చి తీసుకుపో, అంతవరకూ నా దగ్గరే ఉంటుంది, నువ్వు మాత్రం నేరుగా అడగొద్దు అని. నాయన సరేనన్నాడు. నేరుగా అడగలేదు. సంత రోజుల్లో ఇటు వచ్చినప్పుడు సారు ఇంటి ముందు ఆగి, "ఇంకా చెప్పలేదయ్యోరా" అని పోయేవాడట. నాకు యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చినప్పుడు మిఠాయి పొట్లం తెచ్చి, "పాపకు పెద్ద ఉద్యోగమొచ్చింది. ఇంకా చెప్పలేదు గానీ, చెప్తాది" అన్నాడట. నాయన పోయాక ఇక ఎవరొస్తారని, నీళ్ళ బిందె మీద మూతకు పనికొస్తుందని వాడుకుంటున్నామన్నారు సారు. ఆ బిందెలో నీళ్ళు చల్లగా ఉంటాయని, పలకను తువ్వాలులో చుట్టి నా చేతికిస్తూ కోడలు చెప్పింది.

ఆ మధ్యాహ్నం కాలేజీలో నేను రాసుకొచ్చిన ఉపన్యాసం చేతి సంచిలోనే ఉండిపోయింది. పలకను టేబులు మీద పెట్టి, గ్లాసులో నీళ్ళు దాని మీద పోసి, పిల్లలకు చూపించాను. వాళ్ళు ఎప్పుడూ పలక పట్టనివాళ్ళు, ఊళ్ళో కార్ఖానాల్లో ఇప్పుడు ఇంటి గోడలకు వేసే రాళ్ళే ఎక్కువ కోస్తున్నారు. అది ఆరేలోగా ఈ కథంతా చెప్పాను. మొదట ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు నలభైమంది విసురుకోవడం దగ్గరికొచ్చేసరికి పకపకా నవ్వారు. వెనక నుంచి ఒకడు మూడో లైను ఫొటో తీసుకోవచ్చా మేడం అని అడిగాడు, తప్పు లైనయ్యా అన్నాను. చివర్లో ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల లేచి, మీకేం శిక్ష పడింది మేడం అని అడిగింది. నాకేం పడలేదమ్మా, మా నాయనకు పడింది అన్నాను. ప్రిన్సిపాలు మంచినీళ్ళ గ్లాసు అందించబోయి, అది పలక మీద పోసేశానని గుర్తొచ్చి, ఇంకోటి తెప్పించాడు.

తిరిగి బస్టాండుకు పోయేటప్పుడు ఆటోవాణ్ణి కార్ఖానాల రోడ్డు మీదుగా పోనిమ్మన్నాను. నాయన పనిచేసిన షెడ్డు లేదు, దాని స్థానంలో పెద్ద మిషను పెట్టిన కొత్త షెడ్డు ఉంది. లోపల మిషను రాయి కోస్తోంది, ఉలి చప్పుడు ఎక్కడా లేదు. రాతిపొడి వాసన మటుకు అదే. ఒక నిమిషం ఆపమన్నాను. ఒళ్ళో తువ్వాలులో చుట్టిన పలకను బయటికి తీసి, వేలితో మీటాను. కంగుమంది. అన్ని సాయంత్రాలు, చెయ్యి తుడుచుకుంటూ, ఆయన నా ఎదురుగా కూర్చుని విన్నది దీనికోసమే.

"ఉంది నాయనా, చెప్పేదుంది" అన్నాను. "పలక పగల్లేదు."